బొగ్గుకి లైటింగ్

మద్దిలపాలెంలో బస్సు డిపోకి కొంచెం వెనకగా, ఒక సందులో ఫోటో స్టూడియో ఉంది. డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అక్కడే. నాలుగేళ్ళు ఆ కంప్యూటరు ముందు కూర్చున్నాను. పాస్‌పోర్టు ఫోటోలకి వెనక నీలం రంగు వెయ్యడం, పెళ్ళి ఆల్బమ్‌లకి పువ్వులు అతికించడం నా పని. వీటన్నిటికంటే పెద్ద పని మొహాలు తెల్లగా చెయ్యడం. మా ఓనరు దానికి ‘లాగడం’ అని పేరు పెట్టాడు. "ఇది కొంచెం లాగు అమ్మాయ్" అనేవాడు. నల్లని మనిషిని తెలుపు వైపుకి లాగమని అర్థం. నేను లాగేదాన్ని. అలా ఎంతమందిని లాగానో లెక్క లేదు. అందులో తప్పుందని కూడా అనుకోలేదు. జీతం ఇచ్చే పని, చేతికి అలవాటైన పని.

ఓనరుది గోదావరి జిల్లా. తండ్రి పోర్టులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. కొడుకు స్టూడియో పెట్టి, సీతమ్మధారలో ఇల్లు కట్టుకున్నాడు. మాది సముద్రం ఒడ్డున పేట. నాన్న బోటు మీద వేటకి పోతాడు. అమ్మ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు వేలంలో పాడుకుని, తట్టలో సర్దుకుని, ఆటో ఎక్కి ఊళ్ళోకి వెళ్ళి ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది. అమ్మా నేనూ ఒకే రంగు. ఎండలో నిలబడితే అమ్మ చెంప నూనె రాసిన ఇనప పెనంలా నిగనిగలాడుతుంది.

అమ్మకి చేపలమ్మేవాళ్ళ సంఘం కార్డు కోసం ఫోటో కావాల్సి వచ్చింది. నా కూతురు స్టూడియోలోనే పని చేస్తోంది కదా, కార్డు ఫోటోతో పాటు పెద్ద ఫోటో కూడా ఒకటి తీయించుకుంటానంది. తలంటుకుని, ఆవపిండి రంగు పట్టుచీర కట్టుకుని, మొహానికి పసుపు రాసుకుని వచ్చింది. ఓనరు స్టూలు చూపించాడు. ఆ స్టూలుకి ఎదురుగా రెండు లైట్లు ఉంటాయి. వాటిని ఎప్పుడూ కదపడు. మనిషి మొహం మీదికి సూటిగా కొడతాయి. ఒకసారి నొక్కాడు, తెర మీద చూశాడు, పెదవి విరిచాడు. ఇంకోసారి నొక్కాడు. తరవాత అమ్మ వింటూ ఉండగానే నా వైపు తిరిగి అన్నాడు:

"బొగ్గుకి లైటింగ్ పెట్టడం ఎక్కడన్నా చూశావా అమ్మాయ్? ఏదో నొక్కేశాను. మిగతాది నువ్వే సిస్టంలో లాగేసుకో."

అమ్మ నవ్వింది. "నిజవేఁ బాబూ" అంది.

ఆ నవ్వు నాకు ఆ మాటకంటే ఎక్కువ మండింది. అయినా కూర్చుని నా చేత్తోనే మా అమ్మని లాగాను. ముక్కు పక్క ముడత పోయింది, చెంప మీద నిగనిగ పోయింది, మైదాపిండి బొమ్మ ఒకటి మిగిలింది. దాన్ని పట్టుకుని అమ్మ సంఘం ఆఫీసుకి వెళితే, అక్కడ కూర్చున్న మనిషి ఫోటో చూసి, అమ్మని చూసి, "ఎవరి పొటో ఇది? నీది తీసుకురా" అని తిప్పి పంపాడు. నలుగురిలో. ఆరోజు బేరం వదులుకుని అమ్మ స్టూడియోకి వచ్చింది. ఇంకోసారి తీయమని ఓనరుని నేను అడిగాను.

"ఇంకోసారి తీస్తే రంగు మారుద్దా?" అని నవ్వాడు.

ఈసారి అమ్మ నవ్వలేదు. పక్క సందులో ఎవరో సెల్‌ఫోన్‌తో తీసిచ్చిన ఫోటో పెట్టుకుని కార్డు తెచ్చుకుంది. పెద్ద ఫోటో మాట మళ్ళీ ఎత్తలేదు.

వీడి సంగతి చూడాలి అని ఆరోజే అనుకున్నాను. గొడవ పెట్టుకుని ఉద్యోగం మానేస్తే వాడికి పోయేదేమీ లేదు, ఇంకో అమ్మాయిని పెట్టుకుంటాడు. వాడి విద్యతోనే వాడిని కొట్టాలి. అందుకని ఇంకో ఆరు నెలలు అక్కడే ఉన్నాను. లైట్లు ఎలా పెడతాడో, ఎంత దూరంలో పెడతాడో, ఎందుకు పెడతాడో చూసి దొంగిలించాలని. చూడగా చూడగా నాకు తెలిసిందేమిటంటే దొంగిలించడానికి అక్కడేమీ లేదు. షాపు తెరిచినరోజు ఎవరో కంపెనీవాడు వచ్చి లైట్లు నిలబెట్టి, నేల మీద టేపు అతికించి వెళ్ళాడట. ఆ టేపు అరిగిపోతే ఓనరు దాని మీదే ఇంకో టేపు అతికించాడు. ఇన్నేళ్ళూ ఆయన చేసిన లైటింగు అంతే.

ఇంకొకటి కూడా చేశాను, చెప్పేస్తాను. నేను లాగిన మొహాలలో గుర్తున్నవాళ్ళ ఫోన్ నంబర్లు బిల్లు పుస్తకంలోంచి చూసి, ఒక నోటుబుక్‌లో రాసుకున్నాను. అది దొంగతనమే. నాకు సిగ్గు వెయ్యలేదు.

పని మానేశాక ఇంట్లోనే నేర్చుకోవడం మొదలుపెట్టాను. స్టూడియో లైట్లు కొనే స్తోమత లేదు. ఒక పాత కెమెరా మాత్రం కొన్నాను, దాని లెన్సు అంచున చిన్న గీత ఉంది. మిగతా సామానంతా మా పేటలో దొరికిందే. నాలుగు ఎల్ఈడీ బల్బులు, ఒక చెక్కకి బిగించిన హోల్డర్లు. స్టాండు కోసం పాత పెయింటు డబ్బాలో తడి ఇసక కూరి వెదురు కర్ర పాతాను. హార్బర్‌లో రొయ్యలు సర్దే థర్మోకోల్ పెట్టెలు విరిగితే పారేస్తారు, వాటి మూతలు ఏరుకొచ్చాను. సర్ఫు వేసి మూడుసార్లు కడిగి, రాళ్ళ మీద ఎండబెట్టినా నీచువాసన పోలేదు. నాన్న తెల్ల పంచె ఒకటి తీసి బల్బుల ముందు తెరలా కట్టాను. నాన్న వేట నుంచి వచ్చి పంచె కోసం వెతుక్కుని, దాని వెనక బల్బులు వెలుగుతూంటే చూసి, వెళ్ళి లుంగీ కట్టుకున్నాడు.

మొదటి నెల అన్నీ పాడైపోయాయి. రెండు బల్బులు ఒక షాపులో, రెండు ఇంకో షాపులో కొన్నానేమో, అమ్మ మొహం ఒకవైపు పచ్చకామెర్ల రోగిలాగా, ఇంకోవైపు నీలంగా వచ్చింది. చవక బల్బులు కంటికి తెలియకుండా రెపరెపలాడతాయట. ఫోటో నిండా అడ్డ చారలు పడ్డాయి. అదేమిటో అర్థం చేసుకోవడానికి ఫోన్లో ఎవరెవరో చెప్పే పాఠాలు వారం రోజులు చూశాను. అమ్మకి ఎప్పుడూ ఖాళీ ఉండదు కాబట్టి ఇనప పెనాన్ని స్టూలు మీద నిలబెట్టి దానికి లైటింగ్ పెట్టేదాన్ని. తరవాత నల్ల వంకాయలకి. బల్బులు ఎన్ని పెంచినా పెనం మధ్యలో ఒక తెల్ల మచ్చ, చుట్టూ మసి. ఓనరు మాటే చెవిలో మోగేది. ఒకరోజు కోపం పట్టలేక పెనాన్ని విసిరి కొట్టాను. అది గోడకి తగిలి అమ్మ కాళ్ళ దగ్గర పడింది.

అమ్మ అప్పుడే తట్ట దించుకుంటోంది. పెనం తీసి పక్కన పెట్టి, "ఏటే గుంటా, ఏటైనాది?" అంది.

చెప్పాను. నల్లదాని మీద వెలుగు నిలవట్లేదని చెప్పాను. అమ్మ తట్టలో మిగిలిన చందువ చేపని ఒకదాన్ని తీసి, గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇది తాజాదా, నిన్నటిదా? సెప్పు."

తళతళా మెరుస్తోంది. "తాజాదే" అన్నాను.

చేతిని కొంచెం తిప్పింది. మెరుపు ఆరిపోయింది. చేప మొద్దుగా, బూడిదరంగులో, కన్ను లోపలికి పోయి కనిపించింది.

"నిన్నటిది" అంది అమ్మ. "ఎదురెండలో పట్టుకుంటే ఏ సేపైనా సచ్చిపోయినట్టే కనపడతాది. ఎండకి పక్కగా తిరగాల. ఒంటి మీద కూసింత నీల్లు సల్లాల. ఎలుగు ఒంటి మీంచి జారాల, కన్ను నీడలోకి పోవాల. అమ్మే ఇల్లు ఏ దిక్కుకి ఉందో సూసుకుని నాను నిలబడతాను. నీ సదువులో ఇది సెప్పలేదేటి?"

నేను పెనం తీసి గుమ్మం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. అమ్మ చేపని తట్టలో వేసి, ఏమీ కానట్టు అంది:

"ఆడింటికి ఏడెనిమిది నెల్లుగా ఇలాంటిదే ఏస్తన్నాను."

"ఎవరింటికి?"

"నీ పొటోల బాబు. సీతమ్మదారలో ఆల్లిల్లు కాదేటి? ఎన్నో ఏల్ల నుంచి ఆల్లావిడ నా కాడే కొంటాది. ఆ రోజు ఇస్టూలు మీద కూకున్న మనిసి ఆల్ల గుమ్మంలోకి వచ్చే మనిసేనని ఆడికి తెలీలేదు. మొకం సూత్తే కదా తెలిసేది!"

"మరి ఆ రోజు నవ్వినావు కదే అమ్మా!"

"నవ్వకపోతే ఏటి సేత్తాను? ఏడిత్తే పొటోలో పడిపోద్ది."

ఇద్దరం గుమ్మంలో కూర్చుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. ఇన్నాళ్ళూ పగ నా ఒక్కదానిదే అనుకున్నాను. నాకంటే ముందే మా అమ్మ మొదలుపెట్టేసింది.

ఆ సాయంత్రమే బల్బులు ఎదురునుంచి తీసి పక్కకి పెట్టాను. రెండు తగ్గించాను కూడా. పంచెని బల్బులకి దూరంగా, స్టూలుకి దగ్గరగా జరిపాను, వెలుగు చిన్న మచ్చలా కాకుండా ఒక తలుపంత వెడల్పుగా రావాలని. రెండోవైపు నుంచి థర్మోకోల్ మూత అడ్డం పెట్టాను. పెనం మీద ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒక వెండి గీత జారింది. మసి అనుకున్నచోట ఇనుము కనిపించింది. నల్లదానికి కావలసింది ఎక్కువ వెలుగు కాదు, తన మీదనుంచి జారిపోయే వెలుగు. పెనం దించి అమ్మని కూర్చోబెట్టాను. అదే ఆవపిండి రంగు చీర. నొక్కాక అమ్మ కెమెరా తెరని దగ్గరికి లాక్కుని చూసుకుంది. "మా అమ్మలాగున్నాను" అంది.

తరవాత మద్దిలపాలెంలోనే, ఆ స్టూడియోకి రెండు సందుల అవతల, కిటికీ కూడా లేని ఒక గది అద్దెకి తీసుకున్నాను. కావాలనే అక్కడ తీసుకున్నాను. నోటుబుక్ తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "ఇదివరకు మీ ఫోటో పాడుచేసింది నేనే. మళ్ళీ తీస్తాను, ఊరికే" అని చెప్పాను. కొందరు తిట్టి పెట్టేశారు. కొందరు వచ్చారు. స్టీల్ ప్లాంట్‌లో కొలిమి దగ్గర పనిచేసే ఒకాయన, ఇద్దరు నర్సులు, కాలేజీ పిల్లలు. ఒక్కొక్క ఫోటో పట్టుకుని వాళ్ళు వెళ్తూంటే, ఆ స్టూడియో గోడలోంచి ఒక్కొక్క ఇటుక పీకుతున్నట్టు ఉండేది నాకు. వాళ్ళ ఇళ్ళలో పాత ఫోటో తీసి కొత్తది పెట్టారో లేదో కూడా అడిగేదాన్ని. పెట్టామంటే కడుపు నిండేది.

ఒక నంబరుకి మాత్రం కొడుకు పలికాడు. పోర్టులో క్రేను నడిపిన ముసలాయన. పోయి ఏడాది అయిందన్నాడు. "మీరు తీసిన పొటోయే గోడ మీదుంది, వచ్చి చూడండి" అన్నాడు. మర్యాదకి వెళ్ళాను. దండ వేసి ఉంది. నేను లాగిన మొహం, తెల్లగా, నున్నగా. ఎండలో క్రేను మీద గడిపిన జీవితం మొత్తం తుడిచేసిన మొహం. అసలు ఫోటో ఎక్కడా లేదు, ఆ స్టూడియోలో ఏడాది దాటితే చెరిపేస్తారు. ఆ ఇంట్లోని చిన్న పిల్ల ఆ ఫోటోని చూపించి, "ఈ తాతెవరు?" అని అడిగింది, వాళ్ళ తాతనే. వాళ్ళిచ్చిన మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేశాను. అప్పటిదాకా నా పగంతా ఓనరు మీదే. ఆరోజు బస్సులో వస్తూ మొదటిసారి నా చేతులవైపు చూసుకున్నాను. కానీ చేతుల మీద పగ తీర్చుకోవడం ఎలాగో తెలియదు. దాన్ని కూడా వాడి పద్దులోనే వేశాను.

ఆ తరవాత వానాకాలంలో ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. చామనఛాయ దాటిన నలుపు, పెద్ద కళ్ళు, నేత చీర. చేపలమ్మే ఆవిడ చెప్పిందండీ, మీరు ఉన్నది ఉన్నట్టు తీస్తారంట అంది. కూర్చోబెట్టాను. గంటసేపు తీశాను. ఆ కళ్ళ కింద బరువుని దాచకుండా, చెంప ఎముక మీదనుంచి వెలుగు మెడదాకా జారేలాగ. నేను తీసినవాటిలో అదే గొప్పది. తెర మీద చూపిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నన్ను నేను ఇలా చూసుకోలేదండీ. మా ఇంట్లో ఉన్న ఫోటోల్లో నేను లేను. అన్నిట్లో ఎవరో తెల్లావిడ ఉంటది."

"ఎవరు తీశారండీ?"

"మా ఆయనేనండీ. ఆయనకి స్టూడియో ఉంది కదా, ఆ పక్కనే."

అప్పుడు తెలిసింది. ఓనరు కౌంటరు వెనక, గోడ మీద ఒక పెద్ద ఫోటో ఉండేది, ఆయనా ఆయన భార్యా. అందులో ఆవిడ పాలమీగడలాగా ఉంటుంది. నాలుగేళ్ళు రోజూ ఆ మొహం కిందనుంచే నడిచాను. ఇప్పుడు గంటసేపు ఎదురుగా పెట్టుకుని కూడా గుర్తుపట్టలేకపోయాను.

నేను అక్కడ పనిచేశానని చెప్పాను. ఆ చేపలమ్మే ఆవిడ మా అమ్మేనని, ఆమెని ఆయన ఏమన్నాడో కూడా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "నన్నూ అనేవారండీ, కొత్తలో" అంది. ఏదో గుర్తొచ్చినట్టు, "అందుకేనా మీ అమ్మగారు నిన్నా మొన్నటి చేపలేత్తున్నారు? నాకు తెలుసండీ, చేప పడితే తెలవదా? అయినా కొనేదాన్ని. ఆవిడొస్తే గుమ్మంలో కూర్చుని నాతో పది మాటలు మాట్లాడుద్ది" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. మేం అమ్మాకూతుళ్ళం అంతగా నవ్వుకున్న నిన్నటి చేపలన్నీ ఈవిడ కంచంలోకి వెళ్ళాయి. క్షమించమని అడగబోయాను. ఆవిడ చెయ్యి ఊపేసింది.

"ఈ ఫోటో పెద్దది చేసి బయట పెట్టండి. రోడ్డు మీదికి కనపడాలి" అంది.

పెట్టాను. తలుపు పక్కన, తలుపంత ఎత్తు ఫోటో. నాలుగోరోజు మధ్యాహ్నం ఓనరు వచ్చాడు. లోపలికి రాకుండా రోడ్డు మీదే నిలబడ్డాడు.

"ఏంటమ్మాయ్ ఇది? ఎవర్ని అడిగి పెట్టావ్?"

"ఫోటోలో ఉన్నావిడని అడిగి."

ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఫోటో మీదనుంచి రావట్లేదు. ఎంతైనా ఫోటోలు తీసి బతికినవాడు.

"కిటికీ వెలుగా?"

"ఈ గదికి కిటికీ లేదు సార్. రొయ్యల పెట్టె మూత, రెండు బల్బులు, మా నాన్న పంచె."

"ఎంత లాగావ్?"

"లాగలేదు."

లోపలికి రమ్మని స్టూలు చూపించాను. కూర్చున్నాడు. మా అమ్మ గుర్తుందా అని అడిగాను. లేదన్నాడు. ఆయన అన్న మాటని ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాను. స్టూలు మీద సర్దుకుని, "అది ఎవరితోనైనా అనే మాటే కదమ్మాయ్, సరదాకి. ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్నావా?" అన్నాడు.

"పెట్టుకున్నాను" అన్నాను.

ఆ ‘ఎవరితోనైనా’ అన్నది నన్ను ఇంకా మండించింది. పంచె తీసి పక్కన పడేశాను. మూత కూడా తీసేశాను. రెండు బల్బుల స్టాండు తెచ్చి ఆయన మొహానికి సూటిగా, ఆయన టేపు అతికించుకున్న దూరంలోనే నిలబెట్టాను. ఏంచేస్తున్నానో ఆయనకి అర్థమైంది. లేచి పోవచ్చు, పోలేదు. నొక్కాను. ప్రింటు తీసి చేతికిచ్చాను. ఆయనా నా రంగే. ముక్కు మీద నూనె మచ్చ, చికిలించిన కళ్ళు, బుగ్గలు పోలీసులు తీసిన దొంగ ఫోటోలోలా చదునుగా. ఎంత నిజంగా ఉందో అంత ఘోరంగా ఉంది.

"ఇదేంటమ్మాయ్..."

"మీ లైటింగే సార్. సిస్టంలో లాగమంటారా?"

ప్రింటు కిందకి దించాడు. తల ఎత్తి, తలుపు దగ్గర ఫోటో వైపు చూపించి, చిన్న గొంతుతో, "నాకూ అలాంటిది ఒకటి తియ్యి" అన్నాడు.

"తియ్యను" అన్నాను.

ప్రింటుని రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా ఆ కౌంటరు వెనక పాలమీగడ ఫోటో తీసేశారని విన్నాను. ఆవిడ ఇప్పటికీ వస్తుంది. "ఆయన అడుగుతున్నారండీ, ఎప్పుడు తీస్తారని" అంటుంది. నవ్వి ఊరుకుంటాను. ఇంకా తియ్యలేదు. తీసే ఉద్దేశమూ లేదు.

పగ తీరితే మనసు ఖాళీ అయిపోతుందంటారు. నాకలా కాలేదు. ఆరోజు ఆయన వెళ్ళాక క్యారేజీ విప్పుకుని, రోజూ తినేదానికంటే రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. చెయ్యి కడుక్కుంటూంటే పెళ్ళి కుదిరిన పిల్ల ఒకతె వాళ్ళమ్మతో వచ్చింది. నాలాగే నల్లగా ఉంది. లైట్లవైపు బెదురుగా చూసి, "అక్కా, పొటోలో కూసింత తెల్లగా సేత్తారా?" అని అడిగింది.

లైట్లు మళ్ళీ పక్కకి జరిపి, కట్టడానికి పంచె చేతిలోకి తీసుకుని, ముందు కూర్చోమన్నాను.